జాంగో యాప్‌కు ఏ లాగింగ్? స్టాండర్డ్ మాడ్యూలా, స్ట్రక్ట్‌లాగా, లోగురూనా

లాగింగ్ అంటే ప్రోగ్రాం నడుస్తూ ఏం జరిగిందో లైన్లుగా రాసుకోవడం; పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో దానికి ఏ లైబ్రరీ పెట్టాలన్నది ప్రశ్న. ముందే చెప్పేస్తాను. జాంగోలో కొత్తగా మొదలుపెడుతున్న యాప్, అందులో పేమెంట్లు, వెనక సెలెరీ వర్కర్లు (పనుల్ని విడిగా చేసే ప్రాసెస్‌లు) ఉంటే స్ట్రక్ట్‌లాగ్ పెట్టుకోండి. ఇప్పటికే కొన్నేళ్ళుగా నడుస్తున్న యాప్ అయితే, పైథాన్‌తో పాటు వచ్చే లాగింగ్ మాడ్యూల్‌కే జేసన్ ఫార్మాటర్ (లైనుని పేరు-విలువ జతలుగా రాసేది) తగిలించి ఊరుకోండి. లోగురు స్క్రిప్టులకి హాయిగా ఉంటుంది, వెబ్ యాప్‌లో మాత్రం నేను పెట్టను. తీర్పు చాలు అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఎందుకలా అంటున్నానో చూడాలంటే ఒక ఉదాహరణ కావాలి.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున సరుకు కొని, శుభ్రం చేయించి, ఎనిమిదిలోపు ఎంవీపీ కాలనీకి, సీతమ్మధారకి, మధురవాడకి చేర్చే యాప్ ఒకటి ఉందనుకుందాం. వెనక జాంగో, పోస్ట్‌గ్రెస్, మెసేజ్‌లు పంపడానికి సెలెరీ, డబ్బుకి ఒక పేమెంట్ గేట్‌వే. రుషికొండలో చిన్న ఆఫీసు, నలుగురు డెవలపర్లు. ఆర్డర్లలో ఎక్కువ భాగం ఉదయం ఐదు నుంచి ఏడు మధ్యే పడతాయి. ఆరున్నరకి సపోర్ట్ ఫోన్ మోగుతుంది.

“ఏం బాబూ, నాలుగొందల ఎనభై కట్టయిపోయింది, వంజరం బుక్కయినట్టు చూపించట్లేదేటి?”

“ఆర్డర్ నంబరేమైనా వచ్చిందా అమ్మా?”

“నంబరొస్తే నీకెందుకు ఫోన్ చేస్తాను నాయనా?”

సపోర్ట్ కుర్రాడి దగ్గర ఉన్నవి రెండే: ఆవిడ ఫోన్ నంబరు, సుమారుగా టైము. వీటితో లాగులోకి వెళ్ళి, ఆవిడ రిక్వెస్ట్ వచ్చిందా, గేట్‌వే జవాబిచ్చిందా, ఆ తర్వాత సెలెరీ పని జరిగిందా అని రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. లాగింగ్ లైబ్రరీని నేను తూచేది ఈ ఫోన్ కాల్‌తోనే. సెకనుకి ఎన్ని లక్షల లైన్లు రాస్తుందన్న బెంచ్‌మార్కులు మన స్థాయి యాప్‌కి అక్కర్లేదు.

మామూలు లాగులో ఆ సమయం ఇలా కనిపిస్తుంది:

06:12:41 ఎర్రర్ గేట్‌వే టైమవుట్, మళ్ళీ ప్రయత్నిస్తున్నాం
06:12:41 ఇన్ఫో ఆర్డర్ 7714 సేవ్ అయింది
06:12:42 ఇన్ఫో ఆర్డర్ 7715 సేవ్ అయింది
06:12:44 ఎర్రర్ గేట్‌వే టైమవుట్, వదిలేశాం

వదిలేసింది 7714నా, 7715నా? ఈ నాలుగు లైన్లను ఎంతసేపు చూసినా తేలదు. నాలుగు వర్కర్ల మాటలూ ఒకే తట్టలో పోసిన చేపల్లా కలిసిపోయాయి. అదే సంగతి స్ట్రక్చర్డ్‌గా రాస్తే చివరి లైను ఇలా వస్తుంది:

{"సమయం": "06:12:44+05:30", "ఈవెంట్": "పేమెంట్_టైమవుట్", "ఆర్డర్_ఐడీ": 7715, "రిక్వెస్ట్_ఐడీ": "9041-27", "ఫోన్_చివర": "4402", "మొత్తం_పైసలు": 48000, "ప్రయత్నం": 2, "పట్టిన_మిల్లీసెకన్లు": 3010}

ఇక్కడ వాక్యం లేదు, ఫీల్డులున్నాయి. ఫోన్ చివరి నాలుగంకెలతో వెతికితే రిక్వెస్ట్ ఐడీ దొరుకుతుంది, ఆ ఐడీతో వెతికితే ఆ రిక్వెస్ట్ కథంతా వరసగా వస్తుంది. కాబట్టి ప్రతి లైబ్రరీనీ మూడు ప్రశ్నలు అడుగుదాం. ఫీల్డులు రాయడం ఎంత తేలిక? రిక్వెస్ట్ ఐడీ ప్రతి లైనులోకీ దానంతటదే వస్తుందా, లేక ప్రతిచోటా మనమే రాయాలా? జాంగో, దాన్ని నడిపే సర్వర్ గునికార్న్, సెలెరీ సొంతంగా రాసే లైన్లు కూడా ఇదే రూపంలోకి వస్తాయా? మొదటి ప్రశ్నకి మూడు లైబ్రరీలూ పాసవుతాయి. అసలు తేడా రెండూ మూడూ దగ్గరే.

పైథాన్ లాగింగ్ మాడ్యూల్, జేసన్ ఫార్మాటర్

ఈ మాడ్యూల్ 2003లో పైథాన్ 2.3తో వచ్చింది. పాతదే. కానీ జాంగో, సెలెరీ, గునికార్న్, మీరు వాడే ప్రతి ప్యాకేజీ దీంతోనే మాట్లాడతాయి. అందుకే మూడో ప్రశ్నలో దీన్ని కొట్టేవాడు లేడు. సెట్టింగ్స్‌లో లాగింగ్ డిక్షనరీలో ఫార్మాటర్ ఒకటి మార్చి, పైథాన్-జేసన్-లాగర్ లాంటి ప్యాకేజీ పెడితే చాలు, పాత కోడ్‌లో ఒక్క లైను ముట్టుకోకుండానే అన్నీ జేసన్‌లో వస్తాయి. నడుస్తున్న యాప్‌కి ఇదే పెట్టుకోమన్నది అందుకే. వందల చోట్ల ఉన్న లాగ్ కాల్స్‌ని ఒకేసారి తిరగరాస్తామని దిగే టీము సగంలో ఆగిపోతుంది. ఆ తర్వాత రెండు రకాల లాగులతో బతకాలి.

ఫీల్డులు ఇవ్వడానికి ఎక్స్‌ట్రా అనే ఆర్గ్యుమెంట్ ఉంది. అక్కడొక గుంట ఉంది, కాస్త ఆగి చూడాలి. ఎక్స్‌ట్రాలో ఇచ్చిన ప్రతి కీ, లాగ్ రికార్డ్ అనే ఆబ్జెక్ట్ మీద ఆట్రిబ్యూట్‌గా కూర్చుంటుంది. ఆ ఆబ్జెక్ట్‌కి ముందే నేమ్, మాడ్యూల్, ఆర్గ్స్, ప్రాసెస్, క్రియేటెడ్ వంటి ఆట్రిబ్యూట్లున్నాయి. మీరు కస్టమర్ పేరు కదా అని నేమ్ అనో, ఆర్డర్ పెట్టిన టైము కదా అని క్రియేటెడ్ అనో కీ ఇస్తే, ఉన్నదాని మీద రాయబోతున్నావంటూ కీ ఎర్రర్ వస్తుంది. హ్యాండ్లర్ (లైనుని కన్సోల్‌కో ఫైలుకో చేర్చే భాగం) లోపల జరిగే తప్పుల్ని ఈ మాడ్యూల్ మామూలుగా మింగేస్తుంది. ఇది మాత్రం రికార్డ్ తయారయ్యే చోటే జరుగుతుంది కాబట్టి నేరుగా మీ వ్యూ (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ఫంక్షన్) మీద పడుతుంది. లాగ్ రాయబోయి ఆర్డరే చెడుతుంది. పైగా ఆ లైను ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రమే నడిచే దారిలో ఉంటే టెస్టుల్లో దొరకదు, ప్రొడక్షన్‌లో దొరుకుతుంది. మందు తేలికే: కీలన్నిటికీ ముందు ఏదో ఒక పదం ఉండాలని నియమం పెట్టుకోండి. ఆర్డర్_క్రియేటెడ్, కస్టమర్_నేమ్, ఇలా.

రిక్వెస్ట్ ఐడీ సంగతి మనమే చూసుకోవాలి. మిడిల్‌వేర్‌లో (ప్రతి రిక్వెస్ట్ దాటే మధ్య పొర) ఐడీని ఒక కాంటెక్స్ట్ వేరియబుల్‌లో (థ్రెడ్‌కి విడిగా ఉండే వేరియబుల్) పెట్టి, హ్యాండ్లర్‌కి తగిలించిన ఫిల్టర్‌లో దాన్ని ప్రతి రికార్డ్ మీదా అతికించడం వాడుకలో ఉన్న పద్ధతి. కాంటెక్స్ట్ వేరియబుల్స్ పైథాన్ 3.7 నుంచి ఉన్నాయి. కోడ్ పెద్దదేం కాదు, ఒక స్క్రీనులో పడుతుంది. లాగర్ అడాప్టర్‌తో (లాగర్‌కి ఫీల్డులు అతికించే తొడుగు) చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట: పైథాన్ 3.13కి ముందు అడాప్టర్‌కి ఇచ్చిన ఎక్స్‌ట్రా, కాల్‌లో ఇచ్చిన ఎక్స్‌ట్రాని తుడిచేస్తుంది. 3.13లో రెండిటినీ కలపమని చెప్పే ఆప్షన్ వచ్చింది. పాత వెర్షన్ మీదుంటే ఫిల్టరే మేలు.

జాంగో డిఫాల్ట్ గురించి తెలియక బోల్తా పడేవాళ్ళు ఎక్కువ. డీబగ్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేయగానే జాంగో తన లాగులు కన్సోల్‌కి రాయడం మానేస్తుంది. ఎర్రర్ స్థాయి నుంచి పైవి అడ్మిన్‌లకి మెయిల్ పంపే హ్యాండ్లర్‌కి వెళ్తాయి. అడ్మిన్స్ సెట్టింగ్ ఖాళీగా ఉంటే ఆ మెయిలూ పోదు. అంటే ల్యాప్‌టాప్‌లో కళకళలాడిన లాగు సర్వర్ ఎక్కగానే మూగబోతుంది. ఏ లైబ్రరీ ఎంచుకున్నా, కన్సోల్ హ్యాండ్లర్‌ని మీరే స్పష్టంగా రాయాలి.

స్ట్రక్ట్‌లాగ్

ఇది 2013 నుంచి ఉన్న ప్రాజెక్టు, హినెక్ ష్లావాక్ రాసినది. దీని పద్ధతి వేరు. లాగ్ ఎంట్రీ అంటే ఒక డిక్షనరీ. అది వరసగా కొన్ని ఫంక్షన్ల గుండా వెళ్తుంది, వాటిని ప్రాసెసర్లంటారు. ఒకటి టైము పెడుతుంది, ఒకటి లెవెల్ పెడుతుంది, ఒకటి ఫోన్ నంబరు కొట్టేస్తుంది, చివరిది జేసన్‌గానో రంగుల కన్సోల్ టెక్స్టుగానో మారుస్తుంది. ల్యాప్‌టాప్‌లో కంటికి ఇంపైన లైన్లు, సర్వర్‌లో జేసన్. కోడ్ ఒకటే, చివరి ప్రాసెసర్ ఒక్కటే మారుతుంది. జేసన్ లాగు పెట్టాక డెవలపర్లు మళ్ళీ ప్రింట్ స్టేట్‌మెంట్లకి ఎందుకు దిగుతారంటే, టెర్మినల్లో జేసన్ చదవడం విసుగు. స్ట్రక్ట్‌లాగ్ ఆ విసుగు పుట్టనివ్వదు. చిన్న విషయంలా ఉంటుంది కానీ టీము లాగుని వాడుతుందా లేదా అన్నది చాలావరకు దీని మీదే తేలుతుంది.

బైండ్ అనేది దీని బలం. ఆర్డర్ తయారవగానే ఆర్డర్ ఐడీని బైండ్ చేస్తే, ఆపైన ఆ రిక్వెస్ట్‌లో ఏ ఫంక్షన్ నుంచి ఏ లైను రాసినా ఆర్డర్ ఐడీ దానంతటదే వస్తుంది. గేట్‌వేతో మాట్లాడే ఫంక్షన్‌కి ఆర్డర్ ఐడీ అంటే ఏమిటో తెలియకపోయినా సరే. పైన చూసిన టైమవుట్ లైను ఎవరిదన్న ప్రశ్న ఇక పుట్టనే పుట్టదు.

జాంగోకి అతికించే జాంగో-స్ట్రక్ట్‌లాగ్ అనే ప్యాకేజీ విడిగా ఉంది. దాని మిడిల్‌వేర్ రిక్వెస్ట్ ఐడీ, యూజర్ ఐడీ బైండ్ చేస్తుంది; రిక్వెస్ట్ మొదలైందని, ముగిసిందని, విఫలమైందని తనే లైన్లు రాస్తుంది. జాంగోకి ముందు నిలబడే వెబ్ సర్వర్ ఎంజినెక్స్‌లో రిక్వెస్ట్ ఐడీ అనే వేరియబుల్ 1.11.0 నుంచి ఉంది. దాన్ని హెడర్‌గా వెనక ఉన్న జాంగోకి పంపితే ఇది అదే ఐడీ వాడుకుంటుంది. అలా ఎంజినెక్స్ లాగు, జాంగో లాగు ఒకే తాడుకి కట్టినట్టవుతాయి.

సెలెరీ దగ్గర ఈ ప్యాకేజీ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. సెలెరీ వర్కర్ లేవగానే డిఫాల్ట్‌గా రూట్ లాగర్‌ని (లాగర్లన్నిటికీ మూలమైనది) తన చేతిలోకి తీసుకుంటుంది. మీరు జాంగోలో ఎంత ముచ్చటగా జేసన్ పెట్టుకున్నా, వర్కర్ లైన్లు దాని సొంత రూపంలోనే వస్తాయి. సెటప్ లాగింగ్ అనే సిగ్నల్‌కి మన ఫంక్షన్ కడితే అది చెయ్యి తీస్తుంది. ఆ పైన, వెబ్ రిక్వెస్ట్‌లో ఉన్న ఐడీ వర్కర్ దాకా వెళ్ళాలి. “మీ వంజరం బయల్దేరింది” అన్న మెసేజ్ పోకపోతే, అది ఏ రిక్వెస్ట్ పెట్టిన పనో తెలియాలి కదా. జాంగో-స్ట్రక్ట్‌లాగ్‌లో సెలెరీ కోసం ఒక సెట్టింగ్, వర్కర్‌కి చేర్చే ఒక స్టెప్ ఉన్నాయి, అవి ఈ పని చేసిపెడతాయి. స్టాండర్డ్ మాడ్యూల్‌తో అయితే టాస్క్ హెడర్లలో ఐడీ పెట్టి అవతల తీసుకోవడం మన నెత్తినే.

మరి చేదు? ఉంది. కాన్ఫిగరేషన్ రెండు చోట్ల రాయాలి: స్ట్రక్ట్‌లాగ్ సొంత కాన్ఫిగర్ ఒకటి, జాంగో లాగింగ్ డిక్షనరీ ఒకటి. జాంగో సొంత లైన్లు కూడా మన ప్రాసెసర్ల గుండా రావాలంటే ప్రాసెసర్ ఫార్మాటర్ అనేదాన్ని మధ్యలో పెట్టి, బయటి లైన్లకి విడిగా ఒక ప్రాసెసర్ల వరస ఇవ్వాలి. మొదటిసారి డాక్యుమెంటేషన్ చదివినవాళ్ళకి ఇది బుర్రకెక్కదు. ఆంధ్రా యూనివర్సిటీ నుంచి నిన్ననే బయటికొచ్చిన కుర్రాడికి ఈ ఫైలు అప్పగిస్తే భయపడతాడు. ఒకరు కూర్చుని ఒకసారి రాసి, ఎందుకలా రాశారో కామెంట్లు పెట్టి వదిలేయాలి, మిగతావాళ్ళు ముట్టుకోనక్కర్లేదు.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. కాంటెక్స్ట్ వేరియబుల్స్‌ని మీరే చేత్తో బైండ్ చేస్తుంటే, ప్రతి రిక్వెస్ట్ మొదట్లో పాతవి తుడవాలి. గునికార్న్‌ని థ్రెడ్లతో నడిపితే అదే థ్రెడ్ మళ్ళీ ఇంకో రిక్వెస్ట్‌ని తీసుకుంటుంది. తుడవకపోతే గాజువాక కస్టమర్ ఐడీ, తర్వాత వచ్చిన పెందుర్తి కస్టమర్ లైన్ల మీద కూర్చుంటుంది. లాగు లేకపోయినా ఫరవాలేదు, అబద్ధం చెప్పే లాగు ఉండకూడదు. జాంగో-స్ట్రక్ట్‌లాగ్ మిడిల్‌వేర్ ఈ తుడుపు తనే చేస్తుంది, దాన్ని వాడమనడానికి ఇదో కారణం.

లోగురు

ఇంపోర్ట్ చేసిన మరుక్షణం పనిచేస్తుంది, రంగులు బాగుంటాయి, ఫైలు రొటేషన్ ఒక్క మాటలో అయిపోతుంది, జేసన్ కావాలంటే సీరియలైజ్ అంటే చాలు. రోజూ రాత్రి నడిచే రిపోర్టు స్క్రిప్టుకి, హార్బర్ ధరల్ని ఎక్సెల్ నుంచి ఎక్కించే ప్రోగ్రాముకి దీనికి మించింది లేదు.

వెబ్ యాప్‌లో ఎందుకొద్దంటున్నానంటే, జాంగో స్టాండర్డ్ మాడ్యూల్‌తో మాట్లాడుతుంది, లోగురు దాన్ని పక్కనపెట్టి కట్టుకున్న వేరే ఇల్లు. జాంగో లైన్లు ఇందులోకి రావాలంటే మధ్యలో ఇంటర్‌సెప్ట్ హ్యాండ్లర్ రాసుకోవాలి. తేలిక అనుకునే కదా తెచ్చుకున్నది, ఆ తేలిక అక్కడితో సరి. ఇంకొకటి భద్రతకి సంబంధించినది. డయగ్నోజ్ అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. ఎర్రర్ వచ్చినప్పుడు ట్రేస్‌బ్యాక్‌లో (తప్పు ఎక్కడ జరిగిందో చూపే జాబితా) ఆ లైనులోని వేరియబుల్స్ విలువలు కూడా చూపిస్తుంది. డెవలప్‌మెంట్‌లో వరం. ప్రొడక్షన్‌లో ఆ విలువ ఓటీపీ కావచ్చు, ఫోన్ నంబరు కావచ్చు. లోగురు డాక్యుమెంటేషనే దాన్ని ప్రొడక్షన్‌లో ఆపమంటుంది. స్ట్రక్ట్‌లాగ్‌లో ట్రేస్‌బ్యాక్‌ని డిక్షనరీగా మార్చే ప్రాసెసర్ వాడినా అంతే, లోకల్ వేరియబుల్స్ వద్దని స్పష్టంగా రాయండి.

ఏది ఎంచుకున్నా తప్పని రెండు పనులు

లైబ్రరీ గురించి గంటలు వాదించుకుని, ఈ రెండూ మర్చిపోతారు.

ఒకటి తెలుగు. పైథాన్ జేసన్ మాడ్యూల్ డిఫాల్ట్‌గా ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాల కోడు) కాని ప్రతి అక్షరాన్నీ ఎస్కేప్ చేస్తుంది: బ్యాక్‌స్లాష్, యూ, ఆ తర్వాత నాలుగు హెక్స్ అంకెలు. కస్టమర్ డెలివరీ నోట్‌లో “మద్దిలపాలెం గుడి వెనక సందు” అని రాస్తే లాగులో తెలుగు ఒక్క ముక్క కనిపించదు. గ్రెప్‌తో (ఫైళ్ళలో మాట వెతికే కమాండ్) మద్దిలపాలెం అని వెతికితే ఏమీ దొరకదు, అలాంటి ఆర్డరే లేదనుకుంటారు. యూటీఎఫ్-8లో ఒక తెలుగు కోడ్ పాయింట్‌కి మూడు బైట్లు, ఎస్కేప్ చేస్తే ఆరు. సైజూ రెట్టింపే. ఎన్‌ష్యూర్ ఆస్కీ అనేదాన్ని ఫాల్స్ చేస్తే పోతుంది. పైథాన్-జేసన్-లాగర్ ఫార్మాటర్‌కి ఆ ఆప్షన్ ఉంది, స్ట్రక్ట్‌లాగ్ జేసన్ రెండరర్‌కి ఇస్తే నేరుగా లోపలికి పంపిస్తుంది. ఇంగ్లీషు బ్లాగుల్లో కాపీ చేసుకున్న కాన్ఫిగ్‌లో ఈ సంగతి సాధారణంగా ఉండదు. వాళ్ళకి అవసరం పడలేదు మరి.

రెండోది టైము. స్టాండర్డ్ మాడ్యూల్ లోకల్ టైము రాస్తుంది, టైమ్ జోన్ రాయదు. లినక్స్‌లో జాంగో తన టైమ్ జోన్ సెట్టింగ్‌ని ప్రాసెస్ మొత్తానికి వర్తింపజేస్తుంది కాబట్టి, ఆసియా/కోల్‌కతా పెట్టుకుంటే మన టైమే వస్తుంది. స్ట్రక్ట్‌లాగ్ టైమ్‌స్టాంపర్ డిఫాల్ట్ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం). రెండూ కలిసిన లాగులో ఒకే రిక్వెస్ట్ లైన్ల మధ్య ఐదున్నర గంటల తేడా కనిపిస్తుంది. సరే, అంతా యూటీసీ చేద్దామంటారా? చెయ్యొచ్చు, తప్పు లేదు. కానీ యూటీసీలో తేదీ మారేది మనకి ఉదయం 5:30కి. చేపల యాప్‌కి సరిగ్గా రద్దీ వేళ. 5:28కి ఆర్డర్ పెట్టి 5:31కి డబ్బు కడితే, ఆర్డర్ నిన్నటి ఫైల్లో ఉంటుంది, పేమెంట్ ఈరోజు ఫైల్లో ఉంటుంది. రోజువారీ ఫైళ్ళు, రోజువారీ ఇండెక్సులు పెట్టుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. నా మటుకు నేను ప్రతి లైనులోనూ +05:30 అని ఆఫ్‌సెట్‌తో సహా రాయిస్తాను. ఆరున్నరకి ఫోన్ పట్టుకుని ఉన్న సపోర్ట్ కుర్రాడు తీసివేతలు చేయక్కర్లేదు.

రాసినవి ఎక్కడ పెట్టాలి

ఇది కూడా ఎంపికే, కాకపోతే మొదట్లో అనవసరంగా పెద్దది చేసుకుంటారు. ఒకే సర్వర్ ఉంటే లాగుని స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి రాసి, జేసన్‌లో వెతికే కమాండ్ జేక్యూతో వెతుక్కుంటే చాలు. యాప్ నుంచే నేరుగా ఫైల్లోకి రాస్తూ రొటేట్ చేయించకండి. అనేక ప్రాసెస్‌లు ఒకే ఫైల్లోకి రాయడాన్ని పైథాన్ లాగింగ్ సపోర్ట్ చేయదు, గునికార్న్ అంటేనే అనేక ప్రాసెస్‌లు. యాప్‌ని కంటైనర్‌లో నడిపే డాకర్ వాడితే దాని డిఫాల్ట్ జేసన్-ఫైల్ డ్రైవర్‌కి సైజు హద్దు లేదు, డిస్కు నిండేదాకా రాస్తూనే ఉంటుంది. గరిష్ఠ సైజు, ఫైళ్ళ సంఖ్య మొదటిరోజే పెట్టండి. ఒక లైను 16 కేబీ దాటితే డాకర్ ముక్కలు చేస్తుందని కూడా తెలిసుండాలి. పొడవాటి ట్రేస్‌బ్యాక్ ఉన్న జేసన్ లైను మధ్యలో తెగితే అవతల ఏ టూలూ దాన్ని జేసన్‌గా చదవదు. సరిగ్గా మనకి కావలసిన లైనే తెగుతుంది.

రెండు మూడు సర్వర్లయ్యాక లాగుల్ని ఒకచోట చేర్చే గ్రఫానా లోకీ బాగుంటుంది. అది లాగు మొత్తాన్ని ఇండెక్స్ చేయదు, లేబుల్స్‌ని మాత్రమే చేస్తుంది. అందుకే చవక. యాప్ పేరు, ఎన్విరాన్‌మెంట్, లెవెల్ లాంటివి లేబుల్స్‌గా పెట్టాలి. ఆర్డర్ ఐడీ, రిక్వెస్ట్ ఐడీ లేబుల్ చేస్తే ఒక్కో విలువకీ ఒక్కో స్ట్రీమ్ పుట్టి లోకీ కుదేలవుతుంది. వాటిని జేసన్ లోపలే ఉంచి, వెతికేటప్పుడు విడదీయించుకోవాలి.

సెర్చ్ ఇంజిన్ ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఏ ఫీల్డుతోనైనా వెతకొచ్చు, బదులుగా మెమరీ, డిస్కు, దాన్ని చూసుకునే మనిషి కావాలి. అందులో ఒక చిక్కు: ఒక ఫీల్డు మొదట ఏ రకంగా వస్తే ఆ రకంగా నమోదవుతుంది. మొత్తం అనే ఫీల్డు మొదట 480 అని సంఖ్యగా వచ్చి, ఇంకో చోట ఎవరో “480/-” అని రాస్తే ఆ రెండో ఎంట్రీ లోపలికే రాదు. పైన ఉదాహరణలో నేను పైసల్లో పూర్ణసంఖ్య పెట్టింది అందుకే. నలుగురున్న టీముకి ఎలాస్టిక్‌సెర్చ్ సొంతంగా నడపమని నేను చెప్పను.

అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోనే ఉంటే దాని లాగు సేవ క్లౌడ్‌వాచ్ చాలు. జేసన్ ఫీల్డులని తనే గుర్తుపడుతుంది. కాకపోతే దాని డిఫాల్ట్, లాగుల్ని ఎప్పటికీ తీసెయ్యకపోవడం. బిల్లు చూసి ఉలిక్కిపడేలోపు గడువు పెట్టుకోండి.

ఆ గడువు ఎంత? చాలామంది 30 రోజులు పెట్టేస్తారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్స్ లాగుల్ని 180 రోజులు భారత పరిధిలో ఉంచాలి, గడియారాల్ని ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతో గానీ, వాటికి ముడిపడిన సర్వర్లతో గానీ కలపాలి. ఏడబ్ల్యూఎస్‌కి ముంబైతో పాటు 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది, ఆ రెండిట్లో ఒకటి పెట్టుకుంటే సరి. చట్టం లేకపోయినా మన ఉదాహరణకి 30 రోజులు చాలవు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. జూన్ 15 తర్వాత బోట్లు కదిలి ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడతాయి. నిషేధానికి ముందు రద్దీలో పేమెంట్‌కి ఎంత సమయం పట్టేదో పోల్చి చూద్దామంటే, 30 రోజుల గడువులో ఆ లాగులెప్పుడో పోయాయి.

ఖర్చు భయం ఉంటే లెక్కేయండి. రోజుకి 40,000 రిక్వెస్ట్‌లు, ఒక్కోదానికి నాలుగు లైన్లు, లైనుకి 700 బైట్లు అనుకుంటే రోజుకి 112 ఎంబీ. 180 రోజులకి 20 జీబీ చిల్లర. గత నెల రోజులవి వెతకడానికి వీలుగా ఉంచి, పాతవి జిప్ చేసి ఏడబ్ల్యూఎస్ స్టోరేజ్ ఎస్3లో పడేస్తే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే ఒకే కీలు పదేపదే వచ్చే జేసన్ బాగా కుదించుకుపోతుంది.

ఇన్నాళ్ళు దాచుతున్నాం కాబట్టి అందులో ఏముందో చూసుకోవాలి. కార్డు నంబరు దాచుకోవడం 2022 అక్టోబర్ 1 నుంచి కార్డు ఇచ్చే బ్యాంకులకి, కార్డు నెట్‌వర్కులకి తప్ప ఎవరికీ వీల్లేదని ఆర్బీఐ నియమం. గేట్‌వే జవాబుని అలాగే లాగులో కుమ్మరించే అలవాటు ముందు మానాలి. ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు చాలు, అడ్రసు అక్కర్లేదు. తెలుగులో డెలివరీ నోట్ రాసిన చోట కూడా, వెతకడానికి ప్రాంతం పేరు ఒక్కటి ఉంచితే సరిపోతుంది. జాంగోలో సెన్సిటివ్ వేరియబుల్స్ అనే డెకరేటర్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది జాంగో తయారుచేసే ఎర్రర్ రిపోర్టులకే, మీరు రాసే లాగు లైన్లకి వర్తించదు. స్ట్రక్ట్‌లాగ్‌లో ఒక ప్రాసెసర్, స్టాండర్డ్‌లో హ్యాండ్లర్ మీద ఒక ఫిల్టర్, అంతే పని.

జాంగో కాకపోతే

జావాలో స్ప్రింగ్ బూట్ వాళ్ళు అదృష్టవంతులు. 2024 నవంబర్‌లో వచ్చిన 3.4 నుంచి స్ట్రక్చర్డ్ లాగింగ్ ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంది, ఒక్క ప్రాపర్టీతో ఎలాస్టిక్ రూపంలోనో లాగ్‌స్టాష్ రూపంలోనో జేసన్ వస్తుంది. గో వాళ్ళకి 1.21 నుంచి ఎస్‌లాగ్ స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంది, కొత్త ప్రాజెక్టుకి ఇంకేదీ వెతకక్కర్లేదు. నోడ్‌లో ఫాస్టిఫై అయితే పీనో లోపలే ఉంటుంది, ఎక్స్‌ప్రెస్ అయితే మీరే తెచ్చుకోవాలి. రూబీ వాళ్ళకి రైల్స్ 8.1లో ఈవెంట్ రిపోర్టర్ వచ్చింది, పేరు పెట్టిన ఈవెంట్లు, ట్యాగులు, కాంటెక్స్ట్ అన్నీ ఉన్నాయి. జాంగోలో ఇలాంటిది లోపల లేదు కాబట్టే ఈ చర్చంతా.

స్టాండర్డ్ నుంచి స్ట్రక్ట్‌లాగ్‌కి ఎప్పుడు మారాలని అడిగితే, నా గుర్తు ఒకటే. ఒక ఐడీని లాగులో చూపించడం కోసం మాత్రమే ఫంక్షన్‌కి కొత్త ఆర్గ్యుమెంట్ చేరుస్తున్నారంటే మారే వేళయింది. పాత లైన్లు స్టాండర్డ్‌లోనే ఉండనివ్వండి, ప్రాసెసర్ ఫార్మాటర్ వాటినీ జేసన్ చేస్తుంది. ముందు పేమెంట్ ఫైలు మార్చండి, తర్వాత సెలెరీ టాస్కులు. కూరల పేజీ, బ్యానర్ల పేజీ ఎన్నటికీ మార్చకపోయినా ఎవరూ ఫోన్ చేయరు.